రెప్లికా నారోబోట్ నడపడం ఎలా: ఇంజిన్ గది నుంచి లాకు దాకా

బ్రిటన్ కాలువల మీద తిరిగిన పాత సరుకు పడవల రూపంలో ఈ మధ్య స్టీలుతో కట్టిన నారోబోట్ కొన్నవాళ్లు, వాటా తీసుకున్నవాళ్లు, వారం రోజుల కోసం స్నేహితుల బోటు చేతికొచ్చినవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మామూలు హాలిడే బోటు బాగానే నడిపాం, ఇదేంటి మాట వినదు?"

కారణాలు మూడు. ఇది నీళ్లలో ఎక్కువ లోతుకు కూర్చుంటుంది. దీని పాతకాలపు డీజిల్ ఇంజిన్ కాలువ మీద ఎక్కువగా నిమిషానికి 300 నుంచి 600 చుట్ల మధ్యే తిరుగుతుంది. గేరు, స్పీడు రెండూ ఒకే లివరుతో కాకుండా రెండు వేర్వేరు చక్రాలతో మారతాయి. ఈ మూడింటికీ మందు నెమ్మది. కింద చెప్పిన ప్రతి పనిలోనూ తొందర ఎక్కడ దెబ్బ తీస్తుందో చూస్తూ చదవండి.

## 1. ముందు నాలుగు కొలతలు రాసిపెట్టుకోండి

వెనక క్యాబిన్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి పొడవు, వెడల్పు, మునక, ఎత్తు రాయండి. బ్రోచరులో ఉన్నవి కాదు, మీరు స్వయంగా కొలిచినవి.

పొడవు. అసలు సరుకు పడవలు 70 నుంచి 72 అడుగులు ఉండేవి. మిడ్‌లాండ్స్ ఇరుకు కాలువల్లో ఆ పొడవుతో హాయిగా తిరగొచ్చు. ఉత్తరాదికి వెళ్తే కథ మారుతుంది. లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలో చాలా లాకులు సుమారు 62 అడుగుల బోటుకే సరిపోతాయి. కాల్డర్ అండ్ హెబుల్‌లో 57 అడుగులు దాటితే కష్టం. "ఎక్కడికైనా వెళ్లాలి" అనుకునేవాళ్లు 57 అడుగుల దగ్గర ఆగడం అందుకే.

వెడల్పు. దాదాపు అన్నిటికీ 6 అడుగుల 10 అంగుళాలు. ఇరుకు లాకు 7 అడుగులు. రెండు పక్కలా కలిపి మిగిలేది రెండంగుళాలు. పక్కన వేలాడే ఫెండర్లతో (దెబ్బ తగలకుండా కట్టే మెత్తలు) లాకులోకి వెళ్తే బోటు గోడల మధ్య బిగుసుకుపోతుంది.

మునక. మామూలు కొత్త బోట్లు 20 నుంచి 24 అంగుళాలు మునుగుతాయి. మంచి రెప్లికా 28 నుంచి 30 అంగుళాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొలవడానికి ఎల్ ఆకారంలో వంచిన ఇనుప కడ్డీ చాలు. దాని కాలును చుక్కాని కింద ఉండే స్కెగ్ పట్టీ అడుగున ఆనించి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. అది వెనక మునక. ముందు కొస దగ్గరా అలాగే కొలవండి.

ఎత్తు. నీటిమట్టం నుంచి కప్పు మీది అత్యంత ఎత్తైన వస్తువు దాకా, పొగగొట్టం ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. ముందు భాగంలో పలకలు, గుడ్డ కప్పిన క్రాచ్ (ముందు కొస దగ్గర నిలబెట్టే త్రికోణపు పలక) ఉంటే దాన్నీ లెక్కలో వేయండి. హేర్‌కాసిల్ టన్నెల్‌లో మధ్యకు వెళ్లేసరికి కప్పు బాగా కిందికి దిగుతుంది. అక్కడ ఊహాగానాలు పనికిరావు.

ఇంకొక్కటి చూడాలి, ట్రిమ్, అంటే ముందూ వెనకా ఎంత సమంగా తేలుతోందో. వెనక కౌంటర్ (ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న వెనక డెక్) అడుగు రేకు నీటిమట్టానికి సరిగ్గా తాకుతూ, లేదా అర అంగుళం మునిగి ఉండాలి. అది గాలిలో తేలితే ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది. వెనక్కి గేరు వేసినప్పుడు శబ్దమే తప్ప పట్టు ఉండదు. ముందున్న నీళ్ల ట్యాంకు నిండితే ముందు కొస దిగి వెనక లేస్తుంది కాబట్టి సగం ట్యాంకుతో కొలవండి. తేడా ఉంటే నేల చెక్కల కింద బరువు సర్దాలి: ఇంజినీరింగ్ ఇటుకలు, పేవింగ్ స్లాబులు, స్టీలు దిమ్మలు. వాటి కింద పలచటి పట్టీలు పెట్టండి. నేరుగా అడుగు రేకు మీద ఆనిస్తే చెమ్మ నిలిచి లోపలి నుంచి తుప్పు తింటుంది.

## 2. కాగితాలు

ఇంగ్లండ్, వేల్స్‌లోని చాలా కాలువలు 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ కింద ఉన్నాయి. స్కాట్లాండ్‌లో స్కాటిష్ కెనాల్స్. బయల్దేరే ముందు:

- చెల్లుబాటులో ఉన్న బోటు లైసెన్సు (రుసుము బోటు కొలతను బట్టి)
- థర్డ్ పార్టీ బీమా
- బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్, నాలుగేళ్లకోసారి
- సొంత మూరింగ్ (బోటు శాశ్వతంగా కట్టుకునే చోటు) కాగితం, లేదా ఒక చోట 14 రోజులు మించకుండా కదులుతూ ఉండే ఏర్పాటు

మూరింగ్ లేకుండా తిరిగేవాళ్లకు 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు రుసుము పడుతోంది. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

## 3. ఇంజిన్ గది: పొద్దుటి తనిఖీ

రెప్లికాల్లో ఎక్కువగా కనిపించేవి లిస్టర్ జేపీ2, గార్డ్‌నర్ 2ఎల్‌డబ్ల్యూ, రసెల్ న్యూబరీ డీఎం2, కెల్విన్ కె2. అన్నీ రెండు సిలిండర్లవి, అన్నీ బరువైనవి. వివరాలు మారినా తనిఖీ వరస ఒకటే. వరస మార్చకండి. అలవాటైతే ఏ పనీ జారిపోదు.

1. ఇంజిన్ కింద ట్రే చూడండి. రాత్రికి రాత్రి కొత్త మరక పడితే ఆ చుక్క నూనెదా, డీజిల్‌దా, నీళ్లదా తేల్చాకే ముందుకు వెళ్లాలి.
2. ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్. ఈ తరం ఇంజిన్లు చాలావరకు మోనోగ్రేడ్ 30 నూనె అడుగుతాయి. కారు కోసం దొరికే ఖరీదైన సింథటిక్ పోస్తే మేలు చేసినట్టు కాదు.
3. గేర్‌బాక్స్ ఆయిల్. ఇది విడిగా ఉంటుంది, ఎక్కువమంది దీన్నే మరిచిపోతారు.
4. రాకర్ల మీద నూనె. చాలా ఇంజిన్లలో వాల్వ్ రాకర్లకు నూనె డబ్బాతో చేత్తో చుక్కలు వేయాలి. మాన్యువల్లో ఎన్ని గంటలకోసారి అని ఉందో చూసి గోడ మీద రాయండి.
5. డే ట్యాంక్. ఇంజిన్ గది గోడకు ఎత్తులో ఉండే చిన్న డీజిల్ ట్యాంకు ఇది. ఇంధనం బరువుతో దిగి ఇంజిన్‌కు చేరుతుంది. పెద్ద ట్యాంకు నుంచి చేతి పంపుతోనో కరెంటు పంపుతోనో నింపాలి. అడుగున కుళాయి ఉంటే గాజు సీసాలోకి కొంచెం వదిలి చూడండి. నీళ్లు ఉంటే అడుగున గోళీలా వేరుగా నిలుస్తాయి.
6. కూలింగ్ నీళ్లు. స్కిన్ ట్యాంక్ (బోటు రేకుకు ఆనించి కట్టిన, బయటి కాలువ నీళ్లు చల్లబరిచే ట్యాంకు) ఉన్నవాటికి, పైనుండే హెడర్ ట్యాంకు మట్టం. కాలువ నీళ్లే తోడుకునే ఇంజిన్ అయితే మడ్‌బాక్స్ జల్లెడలో ఆకులు తీయండి.
7. స్టెర్న్ గ్లాండ్. ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోటు. గ్రీజును లోపలికి నెట్టే గ్రీజర్ పిడిని బరువు తగిలే దాకా తిప్పండి.
8. వెనక బిల్జ్‌లో (బోటు అడుగు గుంటలో) నీళ్లు. పంపు నడిపే ముందు నీళ్ల మీద నూనె తెట్టు ఉందేమో చూడండి. ఉంటే పీల్చే ప్యాడ్‌తో తీసెయ్యాలి. నూనె కాలువలో కలపడం నేరం.
9. వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నవి తీయడానికి దాని పైన ఉండే కంత) ఉంటే దాని మూత బిగింపు. ఇది వదులుగా ఉండగా గేరు వేస్తే ప్రొపెల్లర్ నీళ్లను లోపలికి ఎగజిమ్ముతుంది. బోట్లు మునిగిపోయేది ఇలాగే.

## 4. స్టార్ట్ చేయడం, ఆపడం

గేర్ వీల్ న్యూట్రల్‌లో ఉందని తిప్పి చూసి నిర్ధారించుకోండి, కంటితో చూస్తే సరిపోదు.

సెల్ఫ్ స్టార్టర్ ఉంటే: డీకంప్రెషన్ లివర్లు (సిలిండర్లలో ఒత్తిడి విడిచేవి) ఎత్తి కొన్ని సెకన్లు తిప్పండి, నూనె పైకి చేరుతుంది. ఆ తర్వాత లివర్లు దించి స్టార్ట్ చేయండి. చలికాలంలో అదనపు ఇంధనం ఇచ్చే బటన్ కొన్ని ఇంజిన్లకు ఉంటుంది. పట్టుకున్నాక వదిలేయాలి.

చేత్తో తిప్పాల్సి వస్తే: హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. చుట్టి పట్టుకుంటే ఇంజిన్ ఎదురు తన్నినప్పుడు విరిగేది ఆ వేలే. రెండు డీకంప్రెషన్ లివర్లూ ఎత్తి, ఫ్లైవీల్ మంచి వేగం అందుకున్నాక ఒక్క సిలిండర్ లివర్ దించండి. అది కాలడం మొదలుపెట్టాక రెండోది. తిరిగే ఫ్లైవీల్ దగ్గర వదులు బట్టలు, చున్నీ, మెడలో గొలుసు వద్దు.

అంటుకున్న వెంటనే ఆయిల్ ప్రెషర్ గేజ్ చూడండి. పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. చల్లగా ఉన్నప్పుడు కాస్త తెల్ల పొగ సహజం. వేడెక్కాకా తగ్గకపోతే ఇంజెక్టర్ల సంగతి చూడాలి.

ఆపేటప్పుడు ఇంధనం ఆపే లివర్‌తోనే ఆపాలి. డీకంప్రెషన్ లివర్ ఎత్తి ఆపడం చాలామందికి అలవాటు, శబ్దం కూడా సరదాగా ఉంటుంది. కానీ తిరుగుతున్న ఇంజిన్‌లో అలా చేస్తే వాల్వులు, వాటి సీట్లు దెబ్బతింటాయి.

కట్టేసి ఉన్నప్పుడు గంటల తరబడి టిక్‌ఓవర్‌లో (అతి తక్కువ వేగంలో) బ్యాటరీ చార్జ్ చేయడం ఈ ఇంజిన్లకు మంచిది కాదు. లోడ్ లేకుండా నడిస్తే సిలిండర్ గోడలు నునుపెక్కుతాయి, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది. పైగా ఇతర బోట్ల దగ్గర రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజిన్ నడపకూడదని లైసెన్సు నిబంధన. అసలు చార్జింగే చాలడం లేదా? ఆల్టర్నేటర్ పుల్లీ నిష్పత్తి చూడండి. 600 మిల్లీమీటర్ల ఫ్లైవీల్ అంచు మీద నుంచి 65 మిల్లీమీటర్ల పుల్లీకి బెల్టు వేస్తే నిష్పత్తి 9కి కొంచెం ఎక్కువ. ఇంజిన్ 350 తిరిగితే ఆల్టర్నేటర్ 3,200 చుట్లు తిరుగుతుంది. అది చాలు. క్రాంక్ చివర ఉన్న చిన్న పుల్లీ నుంచి బెల్టు తీసుకుంటే ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు.

## 5. రెండు చక్రాలు అలవాటు చేసుకోవడం

వెనక క్యాబిన్ హ్యాచ్‌లో (కప్పు ద్వారంలో) నిలబడితే చేతికి అందేలా రెండు చిన్న చక్రాలు ఉంటాయి. ఒకటి స్పీడ్ వీల్, ఒకటి గేర్ వీల్. వాటి నుంచి పొడవాటి రాడ్లు క్యాబిన్ కప్పు కిందుగా ఇంజిన్ గదికి వెళ్తాయి. ముందు నుంచి వెనక గేరుకు రావాలంటే చక్రం చాలా చుట్లు తిప్పాలి.

బోటు గట్టుకు కట్టి ఉండగానే ఈ సాధన చేయండి:

1. గేర్ వీల్‌ను పూర్తి ముందు గేరు నుంచి పూర్తి వెనక గేరుకు తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. న్యూట్రల్ ఎన్నో చుట్టు దగ్గర పడుతుందో రాసుకోండి.
2. న్యూట్రల్‌లో ఉన్నప్పుడు పైకి వచ్చే చక్రపు పుల్లకు రంగు టేపు చుట్టండి. చీకటి టన్నెల్‌లో వేలితో తడిమి తెలుసుకోవచ్చు.
3. వరస ఇది: స్పీడ్ తగ్గించు, న్యూట్రల్, ఒక క్షణం ఆగు, వెనక గేరు, స్పీడ్ పెంచు. ఈ క్రమం ఆలోచించకుండా వచ్చే దాకా చేయండి.
4. గడియారం పెట్టి ఎన్ని సెకన్లు పడుతోందో చూడండి. ఆ సెకన్లలో మీ బోటు ఎంత దూరం పోతుందో అంత ముందుగా బ్రేకు ఆలోచన మొదలవ్వాలి.

స్పీడ్ దించకుండా గేరు మారిస్తే పాత గేర్‌బాక్సు క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. మరమ్మతు బిల్లు చూశాక ఎవరూ మళ్లీ ఆ పని చేయరు.

నిలబడే చోటు హ్యాచ్ లోపలి మెట్టు మీదే. టిల్లర్ (చుక్కాని తిప్పే పిడి) మీ వెనక ఉండాలి. బయట కౌంటర్ మీద నిలబడితే, వెనక్కి వెళ్లేటప్పుడు చుక్కాని దేన్నైనా తాకితే టిల్లర్ ఒక్క ఊపున తిరిగి మనిషిని ప్రొపెల్లర్ పక్కనే నీళ్లలో పడేస్తుంది. పిల్లలకు ఆ చోటు నిషేధం.

## 6. కాలువలో నడక

వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. లోతు తక్కువ కాలువలో ఈ బోటుకు ఆ వేగం దొరకదు కూడా. స్పీడ్ పెంచితే అడుగు కింద నీళ్లు ఖాళీ అయి వెనక భాగం ఇంకా కిందికి కూరుకుంటుంది, అల పెరుగుతుంది, బోటు మాత్రం అంతే నడుస్తుంది. వెనక్కి తిరిగి చూడండి: గట్టు మీద అల విరుగుతుంటే స్పీడ్ ఎక్కువైంది. స్పీడ్ వీల్ రెండు చుట్లు తగ్గించండి. చాలాసార్లు బోటు ముందుకంటే హాయిగా కదులుతుంది.

- నడక కాలువ మధ్యలో. ఎదురు బోటు వస్తే కుడికి తప్పుకోవాలి. అదీ చివరి నిమిషంలో, కొద్దిగానే. ముందుగానే గట్టు వైపు జరిగితే బురదలో దిగబడతారు. మీ బోటు లోతు తెలిసిన ఎదుటివాళ్లు చోటు ఇస్తారు, తెలియనివాళ్లకు చెయ్యి ఊపి చెప్పండి.
- మలుపుల్లో బయటి వంపు వైపు లోతు ఎక్కువ, లోపలి వంపులో మేట.
- వంతెన కింద కాలువ సన్నబడుతుంది. ముందే స్పీడ్ తగ్గించి, ముందు కొస దూరాక కొంచెం పెంచితే చుక్కానికి పట్టు దొరుకుతుంది.
- కట్టి ఉన్న బోట్ల పక్కన టిక్‌ఓవర్. లోతైన బోటు పక్కనుంచి పోతుంటే నీళ్లు లాగేసి వాళ్ల మేకులు ఊడివస్తాయి.
- వెనక్కి వెళ్లేటప్పుడు చుక్కాని దాదాపు పనిచేయదు. వెనక కొస ఒక వైపుకు లాగుతుంది. కొన్ని సెకన్లు ముందు గేరు వేసి టిల్లర్‌తో సరిచేసి మళ్లీ వెనక్కి రావాలి.

దిగబడితే: ముందుకే గట్టిగా స్పీడ్ ఇవ్వడం అందరూ చేసే తప్పు. దాంతో ప్రొపెల్లర్ తన కిందే గుంట తవ్వి, బురదను మీ వెనకే గుట్టగా పోస్తుంది. బదులుగా ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి ఏ కొస పట్టిందో చూడండి. మనుషులను రెండో వైపుకు పంపండి. పొడవు గెడతో ముందు కొసను లోతు వైపు నెట్టండి, ఆ తర్వాత వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తియ్యండి. గెడను శరీరానికి పక్కగా పట్టాలి, పొట్టకు ఆనించి నెట్టకూడదు.

ప్రొపెల్లర్‌కు గుడ్డో ప్లాస్టిక్కో చుట్టుకుంటే మూడు సూచనలు: నల్ల పొగ, బరువెక్కిన ఇంజిన్ శబ్దం, వెనక నురుగు. ఒకసారి వెనక గేరు వేసి విప్పుకుంటుందేమో చూడండి. లేదంటే గట్టుకు చేరి ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, అప్పుడే వీడ్ హ్యాచ్ తెరవండి. రంపపు కత్తి, పొడవు చేతుల గ్లవ్స్ ఎప్పుడూ దగ్గర ఉండాలి. పాత పద్ధతి ప్రకారం కట్టిన కొన్ని రెప్లికాలకు వీడ్ హ్యాచ్ ఉండదు. వాటికి గట్టు మీద నుంచి కొక్కెం కర్రతో లాగడమే గతి.

## 7. లాకులు

ధవళేశ్వరం దగ్గరో, విజయవాడ కాలువల మీదో లాకులు చూసినవాళ్లకు సూత్రం కొత్తగా అనిపించదు: రెండు గేట్ల మధ్య గది, నీళ్లు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇక్కడ తేడా, లాకు పని మీరే చేసుకోవాలి.

చేతిలో విండ్లాస్ (ప్యాడిళ్లను, అంటే నీళ్లు వదిలే చిన్న తలుపులను, ఎత్తే పిడి), కనీసం రెండు. ఒకటి ఎలాగూ నీళ్లలో పడుతుంది. స్పిండిల్ మీద విండ్లాస్ వదిలి కదలకండి. గేరు పళ్లను ఆపే పట్టీ జారితే అది గిర్రున తిరిగి మొహానికి తగులుతుంది. ప్యాడిల్ దించేటప్పుడు కూడా తిప్పుతూ దించాలి, వదిలేయకూడదు.

గట్టు మీది మనిషికి, టిల్లర్ దగ్గరి మనిషికి మధ్య రెండు సైగలు ముందే ఖాయం చేసుకోండి: చెయ్యి పైకెత్తితే ఆపు, చెయ్యి చాపితే తెరువు. ఇంజిన్ శబ్దంలో అరుపులు వినపడవు.

పైకి వెళ్లేటప్పుడు

1. పక్క ఫెండర్లు పైకి.
2. లాకు ఖాళీగా ఉందా చూడండి. కింది గేట్లు తెరిచి టిక్‌ఓవర్‌లో లోపలికి.
3. గేట్లు మూసి, కింది ప్యాడిళ్లు దిగాయని రెండు వైపులా చూడండి.
4. గ్రౌండ్ ప్యాడిల్ (గట్టు లోపలి తూము గుండా నీళ్లు వదిలేది) సగమే తెరవండి. నీళ్లు బోటును మొదట వెనక్కి నెట్టి తర్వాత ముందుకు లాగుతాయి. బోటు కుదురుకున్నాక పూర్తిగా.
5. పై గేటు కింది గట్టు, అంటే సిల్, నీళ్లలో మునిగాకే గేట్ ప్యాడిల్ (గేటులోనే ఉండేది) తెరవాలి. అంతకుముందు తెరిస్తే ధార నేరుగా ముందు భాగంలో పడి బోటును ముంచుతుంది.
6. ముందు ఫెండర్ పై గేటు అడ్డదూలం కింద చిక్కుకోకుండా ఒకరు కళ్లార్పకుండా చూడాలి. చిక్కితే వెంటనే పై ప్యాడిళ్లు దించి, కింది ప్యాడిల్ తెరిచి నీళ్లు తగ్గించండి.

కిందికి దిగేటప్పుడు

ఇక్కడే అసలు ప్రమాదం. పై గేటు అడుగున నీళ్ల కింద దాగి ఉన్న సిల్ మీద చుక్కాని ఆనుకుంటే, నీళ్లు దిగే కొద్దీ వెనక భాగం అక్కడే వేలాడి, ముందు భాగం మునుగుతుంది. గోడ మీద తెల్ల గీత సిల్ ఎక్కడిదాకా ఉందో చెబుతుంది. చుక్కాని, వెనక ఫెండర్‌తో సహా ఆ గీతకు ముందే ఉండాలి. 70 అడుగుల బోటుకు మిగిలే చోటు చాలా తక్కువ కాబట్టి ముందు కొస కింది గేట్ల దగ్గరగా ఉంటుంది. ముందు ఫెండర్ గేటు పలకల మీద పట్టుకుంటే అదీ ప్రమాదమే, పైకి ఎత్తి కట్టండి.

తాడు ఎక్కడా ముడి వేసి వదలకండి. బోటు దిగుతుంటే తాడు బిగిసి పక్కకు వాలుతుంది.

సిల్ మీద పట్టిందని అనుమానం వచ్చిన క్షణం: కింది ప్యాడిళ్లు మూసెయ్యండి. తర్వాత పై ప్యాడిల్ నెమ్మదిగా తెరిచి నీళ్లు పెంచి బోటును తేల్చండి. వరస ముఖ్యం. ఇంజిన్‌తో ముందుకు లాగాలని చూస్తే పరిస్థితి విషమిస్తుంది.

వెడల్పు లాకుల్లో ఒక్కరే ఉంటే: హాటన్‌లో ఉన్న 21 లాకుల లాంటి చోట గది 14 అడుగులు. పైకి వెళ్తుంటే బోటు ఏ గోడ పక్కన ఉందో ఆ వైపు గ్రౌండ్ ప్యాడిలే ముందు తెరవండి. నీళ్లు బోటు కింద నుంచి వెళ్లి ఎదుటి గోడకు కొట్టుకుని తిరిగొచ్చి మిమ్మల్ని మీ గోడకే ఒత్తి పెడతాయి. అవతలి వైపు తెరిస్తే గది మధ్య గింగిరాలు తిరుగుతారు.

మెట్ల లాకులు: ఫాక్స్‌టన్‌లో అయిదేసి చొప్పున రెండు వరసలు, మొత్తం పది. ముందు లాకు కీపర్‌ను కలవాలి, వాళ్ల మాట లేకుండా మొదలుపెట్టకూడదు. అక్కడ ఎర్ర ప్యాడిల్ ముందు, తెల్లది తర్వాత. తిరగేస్తే నీళ్లు పొంగి గట్టెక్కుతాయి.

## 8. గట్టుకు కట్టడం

లోతైన బోటు వెనక భాగం చాలా చోట్ల గట్టుకు చేరదు. బలవంతపెట్టకండి. ముందు కొసను నెమ్మదిగా గట్టుకు ఆనించి ముందు తాడు కట్టండి. వెనక మూడు నాలుగు అడుగుల దూరంలో ఉన్నా పలక వేసుకుంటే సరిపోతుంది. అందుకే కప్పు మీద ఎప్పుడూ ఒక పలక ఉంటుంది.

- ఇనుప షీటు గట్టు ఉంటే కొక్కేలు లేదా గొలుసులు, మట్టి గట్టయితే మేకులు. మేకును బోటు వైపుకు కాకుండా అవతలికి వాలేలా దించాలి.
- ముందు తాడు ముందుకు, వెనక తాడు వెనక్కి, ఏటవాలుగా. కొంచెం వదులు.
- మేకు మీద తెల్ల గుడ్డో సీసానో బోర్లించండి. చీకట్లో సైకిలువాళ్లకు కనపడాలి.
- ఇంజిన్ ఆపాక స్టెర్న్ గ్రీజర్ మళ్లీ తిప్పండి. రాత్రంతా చుక్క కారకూడదు.

## 9. వెనక క్యాబిన్, రేంజ్ పొయ్యి

వెనక తలుపులోంచి దిగితే ఎడమ చేతి వైపు రేంజ్ పొయ్యి, దాని పక్కన తలుపు దించితే బల్ల అయ్యే అల్మరా, కుడివైపు పక్క బెంచీ, చివర అడ్డంగా మంచం. ఈ చిన్న గదిలో బొగ్గు పొయ్యి వెలుగుతుంది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్‌ను అన్నిటికంటే పైన పెట్టాలి. బోట్ సేఫ్టీ స్కీమ్ కింద 2019 ఏప్రిల్ నుంచి అలారం తప్పనిసరి. మనుషులు పడుకునే ప్రతి గదిలో ఒకటి పెట్టడం మా సలహా. వారానికోసారి బటన్ నొక్కి పరీక్షించండి.

- పొగరాని బొగ్గే వాడండి. తడి కట్టెలు గొట్టంలో తారు కడతాయి.
- కప్పు మీది గాలి గూళ్లకు చలికి గుడ్డలు కుక్కకండి.
- బూడిద చల్లారిందనిపించినా మూత ఉన్న ఇనుప బకెట్‌లో, బోటు బయట.
- టన్నెల్‌కు, కిందికున్న వంతెనకు ముందు పొగగొట్టం తీసి పక్కన పెట్టండి. దానికి గొలుసు ఉందా చూడండి.

ఇత్తడి పట్టీలు, గులాబీలు, కోటల బొమ్మలు మీ ఇష్టం. ఇత్తడి మాత్రం వారం వదిలేస్తే నల్లబడుతుంది.

## 10. దారిలో వచ్చే చిక్కులు

ఇంజిన్ మెల్లగా ఆగిపోయింది. డే ట్యాంక్ ఖాళీ అయ్యుంటుంది. నింపాక లైనులో గాలి తియ్యాలి. ట్యాంకు వైపు నుంచి ఇంజెక్టర్ వైపుకు వెళ్లండి: ముందు ఫిల్టర్ మీది మర, తర్వాత పంపు మీదివి, చివరగా ఇంజెక్టర్ పైపు నట్లు. ఒక్కోచోట బుడగలు లేని డీజిల్ వచ్చాకే తర్వాతిదానికి. వరస తప్పితే గంట పని.

వేడెక్కుతోంది. ముందు ప్రొపెల్లర్‌కు ఏదైనా చుట్టుకుందేమో చూడండి. తర్వాత హెడర్ ట్యాంకు మట్టం, పంపు బెల్టు. స్కిన్ ట్యాంక్ పైన గాలి చిక్కితే పై మర వదిలి తీసేయొచ్చు. అన్నీ బాగున్నా వేడెక్కుతుంటే ట్యాంకు వైశాల్యం చాలడం లేదు. మోటుగా ప్రతి 4 హార్స్ పవర్‌కు ఒక చదరపు అడుగు కావాలి. 28 హార్స్ పవర్ గార్డ్‌నర్‌కు 7 చదరపు అడుగులు.

గ్లాండ్ కారుతోంది. నట్లు రెండూ సమంగా, ఒక్కోసారి ఆరో వంతు చుట్టు చొప్పున బిగించండి. అరగంట నడిపి చేత్తో తాకితే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఎక్కువ బిగించారు, వదులు చేయండి. బిగించే మర ఇక మిగలకపోతే ప్యాకింగ్ మార్చే సమయం వచ్చింది.

ఎప్పుడూ నల్ల పొగే. ఏమీ చుట్టుకోకపోయినా వస్తుంటే ప్రొపెల్లర్ ఇంజిన్‌కు మించినది పెట్టారన్నమాట. ఈ నెమ్మది ఇంజిన్లకు పెద్ద ప్రొపెల్లరే కావాలి. అయితే వ్యాసం, పిచ్ (రెక్కల వాలు) లెక్క తయారీదారుతోనే వేయించాలి.

## 11. రెండు మూడేళ్లకోసారి నీళ్లలోంచి బయటికి

చాలా బోట్లలో అడుగు రేకు 10, పక్కలు 6, క్యాబిన్ 4 మిల్లీమీటర్లు. డాక్‌లోకి రాగానే ప్రెషర్ వాషర్‌తో కడిగించి, ఆరకముందే గీకండి. ఎండిన నాచు రాయిలా పట్టుకుంటుంది.

రెప్లికాలో ప్రత్యేకంగా చూడాల్సింది అలంకారపు రివెట్లు. వీటిలో చాలావరకు నిజమైన రివెట్లు కావు, రేకు మీద అతికిన బొడిపెలు. చుట్టూ వెల్డు పూర్తిగా లేకపోతే అంచు కింద నీళ్లు చేరి వలయంలా తుప్పు పడుతుంది. రంగు ఉబ్బి, గోటితో నొక్కితే పెళుసుగా రాలుతుంది. గోడలకు రాసుకునే పక్క పట్టీల పై అంచు దగ్గరా ఇదే జబ్బు.

సర్వేయరు అల్ట్రాసౌండ్‌తో మందం కొలుస్తాడు. చాలా బీమా సంస్థలు 4 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఒప్పుకోవు. వాడు ఇచ్చే అంకెలతో పాటు తుప్పు గుంటల లోతు విడిగా అడగండి. సగటు బాగున్నా ఒక్క గుంట లోతుగా ఉండొచ్చు.

రంగు లెక్క: 60 అడుగుల బోటుకు రెండు పక్కలా మీటరు ఎత్తు వేస్తే దాదాపు 37 చదరపు మీటర్లు. డబ్బా మీద లీటరుకు 6 చదరపు మీటర్లని ఉంటే, మూడు పూతలకు 18 నుంచి 19 లీటర్లు. 20 లీటర్లు తెచ్చుకోండి, మిగిలినది నీటిమట్టం దగ్గర మరో పూత. బిటుమెన్ మీద ఎపాక్సీ వేయకూడదు, పట్టుకోదు. ఎపాక్సీకి మారాలంటే బ్లాస్టింగ్ (ఇసుక లాంటి రవ్వ వేగంగా కొట్టి పాత పూత ఊడగొట్టడం) చేసి స్టీలు బయటపెట్టాలి.

మంచినీటి కాలువకు మెగ్నీషియం యానోడ్లు (రేకు బదులు తాము అరిగే లోహపు దిమ్మలు). సగం కన్నా ఎక్కువ అరిగితే మార్చండి. వాటి మీద మాత్రం రంగు పడనివ్వకండి, పూస్తే పనిచేయవు. అసలు అరగకపోతే సంతోషించాల్సింది లేదు, వెల్డు తెగి ఉండొచ్చు. మెరీనా కరెంటు వాడేవాళ్లు గాల్వానిక్ ఐసోలేటర్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఎర్త్ తీగ ద్వారా పక్క బోట్లతో కలిసి పారే చిన్న కరెంటు మీ రేకును తింటుంది.

నీళ్లలోకి దించే ముందు:

- గ్లాండ్ ప్యాకింగ్ చూసి, గ్రీజర్ నింపి
- ప్రొపెల్లర్ రెక్కలకు వంపులు, షాఫ్టులో వదులు చూసి
- చుక్కాని కింది కప్పులో కూర్చుందా చూసి
- కాలువ నీళ్లు తోడే ఇంజిన్ అయితే లోపలికొచ్చే కుళాయి మూసి

దించగానే అక్కడే అరగంట ఆగి వెనక బిల్జ్, వీడ్ హ్యాచ్, ఇంజిన్ గది నేల టార్చితో చూడండి. పొడిగా ఉంటేనే డాక్‌వాళ్లకు తాళ్లు వదలమని చెప్పండి.